ఒకటికి ఎంత

ఏడో తరగతి, బి సెక్షన్.
అర్ధ సంవత్సర పరీక్ష లెక్కల పేపర్లు
డైనింగ్ టేబుల్ మీద, కూరగిన్నె పక్కన.
షాపూర్‌నగర్‌లో కరెంటు పోయి వచ్చింది.
కిటికీ తీస్తే జీడిమెట్ల మందుల కంపెనీల వాసన,
మూస్తే ఉక్క.
ఎర్రపెన్ను మూత ఎటో దొర్లిపోయింది.

ముప్ఫై ఏడో పేపరు ఎల్లేశ్వరిది.

డజను అరటిపండ్లు డెబ్బై రెండు రూపాయలైతే
ఒక్క పండు వెల ఎంత?
ఎనిమిది, అని రాసింది.
చెయ్యి ఆగకుండా అడ్డంగా కొట్టేశాను.
కొట్టేశాక కనిపించింది,
మార్జిన్‌కి ఒరిగిపోయి, ఇరుకిరుగ్గా:
"ఒక్కటే అడిగితే ఆరుకు ఇయ్యడు టీచర్."

తర్వాతి లెక్క గోడది.
ఎనిమిది మంది ఆరు రోజుల్లో కట్టే గోడ
పన్నెండు మంది ఎన్ని రోజుల్లో కడతారు?
నాలుగు. సరే, టిక్కు పెట్టాను.
నాలుగుతో ఆగలేదు పిల్ల:
"మిగిలిన రెండు రోజులు అందరు ఖాళీ."

పాలూ నీళ్లూ నాలుగుకి ఒకటి చొప్పున కలిపే లెక్కకి మాత్రం
జవాబు తప్ప ఒక్క మాట లేదు.
పక్కన బర్రె బొమ్మ ఉంది. నవ్వుతోంది.

విలోమానుపాతం చెప్పిన రోజు గుర్తుంది.
మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి అన్నాను,
బోర్డు మీద ఒక బాణం పైకీ ఒకటి కిందికీ గీసి.
ఆ కింది బాణం మొన దగ్గర
ఎవరైనా నిలబడి ఉంటారని తట్టలేదు.
వాళ్ల నాన్న పొద్దున ఆరున్నరకే
గాజులరామారం అడ్డా మీదుంటాడట,
తాపీ ఒక చేత, టిఫిన్ డబ్బా ఒక చేత.
మేస్త్రీ వేలు ఎవరి మీద ఆగితే వాళ్లే బండెక్కుతారు.

మర్నాడు బడి అయ్యాక, బస్టాపు దగ్గర తోపుడుబండి.
"ఒక్కటి ఎంత?"
బండాయన నా సంచీ వంక చూశాడు, నా వంక చూశాడు.
"ఒక్కటా మేడమ్? ఎనిమిది."
ఇరవై రెండేళ్లుగా ఒకటి విలువ కట్టడం నేర్పుతున్నాను,
ఒకటి కొన్నది ఆ రోజే.
అక్కడే నిలబడి తిన్నాను.
తొక్క చేతిలో పట్టుకుని
రెండు బస్సులు వదిలేశాను.

ఎదురుగా కిరాణా కొట్టు.
ఐదు రూపాయల కారం, పది రూపాయల టీపొడి,
గిన్నె తెచ్చుకుంటే కొలిచి పోసే నూనె.
పుస్తకంలో ఒకటి
భాగహారం అంతా అయ్యాక వస్తుంది, నిదానంగా.
ఇక్కడ ముందు అదే వస్తుంది,
చిల్లర పట్టుకుని, చెప్పుల్లేకుండా.

ఇంటికొచ్చి ఆ పేపరు మళ్లీ తీశాను.
చివరి పేజీ, చిత్తు గడిలో, పెన్సిల్‌తో:
72 ÷ 12 = 6
దాని మీద ఒక గీత.
నా గీతలా విసురుగా లేదు.
స్కేలు పెట్టి గీసింది.

ఇంటర్వెల్లులో పిలిచాను.
"ఆరు వచ్చింది కదా, ఎందుకు కొట్టేశావ్?"
"అది డజను కొనేటోళ్లకు టీచర్."
రిబ్బను కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ,
వెళ్లమన్నా వెళ్లకుండా,
"పన్నెండు తెస్తే మీ ఇంట్ల అన్ని తింటరా?
ఖరాబ్ గావా?"

అవుతాయి.
ఆదివారం తెచ్చిన డజనులో రెండు
ఫ్రిజ్ మీద నల్లబడి, ముట్టుకుంటే వేలు దిగేటట్టున్నాయి.
చెత్తబుట్టలో వేసి, చెయ్యి కడుక్కుని,
డెబ్బై రెండుని పదితో భాగించాను.
ఏడు రూపాయల ఇరవై పైసలు.

కీ పేపరులో ఆరు అనే అచ్చయి ఉంది.
రేపు మార్కుల రిజిస్టరు అప్పజెప్పాలి.
ఎర్రపెన్ను మూత దొరికింది, ఫ్రిజ్ కింద.